లైన్ అకౌంట్

సిలువేరు జంగయ్య స్మారక పురస్కారం.
జర్నలిజం పీజీ రెండో ఏడాది పిల్లలకు
పదివేల నూట పదహార్లు, ఒక శాలువా.
శాలువా వద్దన్నది జంగయ్య భార్య పోశమ్మ:
"గది కప్పుకొని ఏ ఊరి వార్తకు పోతరు సార్,
ఆ పైసలు గూడ కవర్లనే పెట్టుండ్రి."

పదకొండు దరఖాస్తులు నా మంచం మీద.
ఫ్యాను గాలికి లేవకుండా కళ్లద్దాల డబ్బా బరువు.
ప్రతిదానికీ ఒక ఆదాయ ధ్రువపత్రం కుట్టి ఉంది.
దేవరకొండ నుంచి మిర్యాలగూడ దాకా
తండ్రులందరి సంపాదనా ఏడాదికి అరవై వేలే,
మీసేవలో అచ్చుపోసినట్టు.
ముప్పై ఏండ్లు డెస్కు మీద కూచున్నవాణ్ణి,
ఒకే అంకె అన్నిచోట్లా కనబడితే అనుమానించాలి.
అనుమానించలేదు.

"ఈ డబ్బుతో ఏం చేస్తారు?" అన్న గడిలో
ఒకడు ల్యాప్‌టాప్ అన్నాడు, ఒకామె సమాజసేవ అన్నది.
ఒకడు నిజం చెప్పాడు: మెస్ బాకీ.
వాడి పక్కన చిన్న టిక్కు పెట్టుకున్నా.

తొమ్మిదోది కేతావత్ సంధ్యది.
గీతల కాగితం, నీలిసిరా. శీర్షిక లేదు.
"రెండువేల మూడు మే నెల జిల్లా పేజీలో
ఈ తండా గురించి రెండు లైన్లున్నాయి.
మిగతాది ఏమైందో కనుక్కుందామని వెళ్లాను."

మిగతాది.

సాయంత్రం ఆరుంబావు మర్రిగూడ బస్సు,
కండక్టర్ చేతికిచ్చి పంపిన కవరు,
మీద జంగయ్య వంకర అక్షరాలు: ప్రెస్ మ్యాటర్, అర్జంట్.
నలభై రెండు లైన్లు.
ఏడు బోర్లు ఎండిన మనిషి
ఎనిమిదోదానికి భార్య కాళ్ల కడియాలు అమ్మిన సంగతి.
రాత్రి పది దాటాక ఒక యాడ్ వచ్చింది,
ఎవరో నాయకుడి పుట్టినరోజు, పావు పేజీ.
నలభై కోసేశాను.
"బోర్లు ఎండి లక్ష్మణ్ నాయక్ ఇబ్బందులు.
అధికారులు స్పందించాలని వినతి."

నెలాఖరున స్కేలు పట్టుకుని వచ్చేవాడు జంగయ్య,
తన వార్తలు తానే కొలుచుకునేవాడు.
లైనుకు రూపాయిన్నర.
అచ్చైనదానికే, రాసినదానికి కాదు.
ఆ నెల ఏమీ అనలేదు.
స్కేలు నా బల్ల మీదే మరిచిపోయి పోయాడు.

సంధ్య రాసింది:
ఎనిమిదో బోరులోనూ దుమ్మే లేచిందట.
ఆ పైపు మూతికి గోనెపట్టా కట్టి, బండ పెట్టి,
బండ మీద కూచొని ఆమె ఇప్పుడు
కూలికి మిరపకాయల తొడిమలు తీస్తున్నదట.
ఆయన పుణెలో కాంక్రీటు మోసి మోసి
పోయినేడు తిరిగొచ్చాడట, ఒక చెవి వినపడకుండా.
కింద, విడిగా ఒక మాట:
"ఆయన పేరు లక్ష్మణ్ కాదు, లచ్చు.
పత్రికలో తప్పు పడింది. తప్పు ఎవరిదో తెలియదు."

జంగయ్య లచ్చు అనే రాశాడు.
మోటుగా ఉందని నేనే దిద్దాను.

నాకు సంబంధమున్న వార్త, తప్పుకుంటానని
కమిటీకి ఫోన్ చేశాను.
కమిటీ అంటే నేనూ, పోశమ్మా,
జంగయ్యకు చాయ్ బాకీ పెట్టిన హోటల్ మల్లారెడ్డీ.
"మీరు తప్పుకుంటే ఎవలు చదువుతరు సార్?
నాకు అద్దాలున్నయా?" అన్నాడు మల్లారెడ్డి.

గడియారం సెంటర్ దగ్గరి హాల్లో
ముప్పై కుర్చీలు, పద్నాలుగు మంది.
సంధ్య వచ్చింది, కవరు తీసుకుంది,
తెల్లారితే పరీక్షని ఆఖరి బస్సుకు పరుగెత్తింది.
చెప్పాలనుకున్నది చెప్పలేదు నేను.
ఆమె అడగనూ లేదు.

కుర్చీలు మడుస్తున్న పోశమ్మ చేతిలో
మూడు ఇరవైలు పెట్టాను.
నలభై లైన్లు, పాత బాకీ అన్నాను.
దీపం కింద ఒక్కో నోటూ తిప్పి చూసింది,
కొంగున కట్టుకుంది,
ఇంకో కుర్చీ మడిచింది.

"ఇరవై రెండేండ్లాయె.
లైను రేటు ఇంక గంతనేనా సార్?"